పెన్సిల్ పెట్టిన ముఖం

జూన్ 3, ఆదివారం, ఉదయం తొమ్మిది

కూతురికి ఫోన్ చేసి అందరి ఆరోగ్యాలూ వరసగా అడిగాను. దాని నడుము నొప్పి కాస్త నయమట. అల్లుడికి బీపీ మాత్ర మార్చారట. కాన్పయి నెల తిరగని మనవరాలికి కుట్లు మానాయట. పిల్ల పాలు బాగా తాగుతోందట. పిల్ల తండ్రి సంగతి అడగలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. అతను పైదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నల్లజాతి మనిషి. మనవరాలు పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాడు. నెమ్మదస్తుడే. అయినా తలుచుకుంటే నాకు దడ.

చివర్లో, పిల్ల చెవుల అంచులు ఏ రంగులో ఉన్నాయే అన్నాను. పుట్టిన బిడ్డ చెవి అంచు చూస్తే ముందుముందు ఒంటిరంగు తెలుస్తుందని మా అత్తగారు అనేది. దాని చెవులు బాగానే పనిచేస్తున్నాయి, నువ్వే కాస్త నోరు చూసుకోమ్మా అంది కూతురు.

జూన్ 6, బుధవారం

ఫోన్‌లో పిల్ల ఫొటో వచ్చింది. గుప్పెడంత ముఖం. నల్లగా ఉంది.

బడిలో దీన్ని ఏమంటారో. నన్ను బొగ్గుల బస్తా అన్నారు. వాన వస్తే, తడవకే, రంగు కారి వీధంతా పాడవుతుంది అనేవాళ్లు. అందరితో కలిసి నేనూ నవ్వేదాన్ని. అమ్మ మాత్రం నన్ను ఎండలోకి పోనిచ్చేది కాదు.

జూన్ 8, శుక్రవారం

ఇవాళ ఒక మంచి పని చేశాను.

ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియోలో రీటచింగ్ చేసినదాన్ని. అయిదో క్లాసు చదువుకి అంత నీడపట్టు పని ఇంకెవరిస్తారు. నెగెటివ్‌లో ముఖం ఉన్నచోట పెన్సిల్‌తో సన్నగా పూస్తే ఫొటోలో ఆ మేరకు తెల్లబడుతుంది. ఎందరు ఆడపిల్లల్ని తెల్లగా చేశానో. నీ చేతిలో పెడితే బొగ్గు కూడా సుద్దముక్కవుతుందమ్మా అని ఓనరు మెచ్చుకునేవాడు.

ఇప్పుడు పెన్సిళ్లు ఎక్కడివి. మెట్లు దిగి వీధి చివర ప్రింటు షాపుకి వెళ్లి, అక్కడి అమ్మాయి చేత కంప్యూటర్‌లో చేయించాను. పక్కనే కూర్చుని, చెంపలు ఇంకొంచెం, ముక్కు దగ్గర ఇంకొంచెం అని చెప్పాను. ఫ్రేము కట్టించి మనవరాలికి పార్సిల్ పంపాను. సంతోషిస్తుంది.

జూన్ 12

ఫోన్ లేదు. పార్సిల్ దారిలో పోయిందేమో. అద్దం పగిలి ఎవరికైనా గుచ్చుకుందేమో. పిల్లకి జ్వరమేమో.

జూన్ 13, సాయంత్రం నాలుగు

మనవరాలు ఫోన్ చేసింది. కేకలు వెయ్యలేదు, అందుకే భయమేసింది. అమ్మమ్మా, ఈ ఫొటోలో పిల్ల ఎవరు అంది. నీ కూతురేనే అన్నాను. నా కూతురు నా ఒళ్లో ఉంది, దీన్ని నేనెక్కడా చూళ్లేదు అంది. అతను పార్సిల్ విప్పి చూసి, అది అక్కడే పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడట. తన బిడ్డని చూడగానే బాగుచెయ్యాలనిపించేవాళ్ల గడప తొక్కనంది. పిల్లని నీకు చూపించను అంది. పెట్టేసింది.

జూన్ 14

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నిరుడు అతను మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు నేను మెట్లు దిగుతుంటే సాయం వచ్చాడు. మెట్ల పక్క కమ్మీ మీద అతని చెయ్యి, పక్కన నా చెయ్యి. చటుక్కున లాక్కున్నాను. ముసలిది జడుసుకుందిలే అనుకున్నారందరూ. నేనూ అలాగే చెప్పుకున్నాను.

అది కాదు. అతను గుమ్మంలోకి రాగానే, హమ్మయ్య, నాకంటే కింద ఒకరున్నారు అనుకున్నాను. డెబ్బై ఏళ్లు కాచుకుంటే దొరికాడు. తీరా చెయ్యి పక్కన చెయ్యి చూసుకుంటే తేడా లేదు. ఎవరైనా చూసి ఇద్దర్నీ ఒకే గాటన కడతారని లాక్కున్నాను. నన్ను బొగ్గుల బస్తా అన్నవాళ్లమీద ఏనాడూ కోపం రాలేదు. వాళ్ల వరసలో నిలబడాలనే చూశాను.

థూ.

జూన్ 17, ఆదివారం

నాలుగుసార్లు చేస్తే మనవరాలు ఎత్తింది. మీ ఆయన ఒంట్లో ఎలా ఉంది అని ముందు అడిగాను. ఇన్నాళ్లకా అంది. మొన్న రాసుకున్నదంతా చదివి వినిపించాను. ఈసారి పెట్టెయ్యలేదు.

పిల్లది నీ పోలికట అమ్మమ్మా, ఆయనే కనిపెట్టాడు, నీ ముఖం నువ్వు ఎప్పుడు చూసుకున్నావు గనక అంది. నువ్వు వయసులో ఉన్నప్పటి ఫొటో, పూత లేనిది, ఒక్కటి తీసిపెట్టు, అప్పుడు చూద్దాం అంది.

ఇల్లంతా వెతికాను. అన్నీ నేను పూసినవే. పెళ్లి ఫొటో కూడా.

జూన్ 20

రేకు పెట్టెలో నా నెగెటివ్ ఒకటి దొరికింది, నాకు పద్దెనిమిదేళ్లున్నప్పటిది. దూది టర్పెంటైన్‌లో ముంచి పెన్సిలంతా తుడిచేశాను. ఒక్క గీత కూడా పడలేదు. షాపు అమ్మాయి ప్రింటు తీసి, ఎంత కళగా ఉందో, ఎవరండీ అని అడిగింది.

మా చుట్టాలమ్మాయి అన్నాను.

జూన్ 21

ఫొటో బల్లమీద ఉంది. బోర్లించాను. తిప్పాను. మళ్లీ బోర్లించాను.

ఫొటో దొరికిందని మనవరాలికి చెప్పాను. వస్తారట. ముగ్గురూ. ఇరవై నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి.