కడిగిన గుడ్లు

మా చిన్నదానికి, అన్నయ్య దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, కొత్తగా మీ ఇంట చేరిన పదకొండు కోళ్ళూ క్షేమమని తలుస్తాను. నా క్షేమానికి ఒక వాసన పట్టుకుంది. వారమైంది. మూడుసార్లు తలంటుకున్నాను, మీసం కూడా తీయించేశాను, పోలేదు. మీ వదిన ముక్కు మూసుకుని "మీసం పోయింది సరే, మొహం ఉందిగా, దాన్నేం చేస్తారు?" అంది. వరండాలో కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మోకాలు సంగతి మొదట. అది నాకంటే మూడేళ్ళు పెద్దదానిలా ప్రవర్తిస్తోంది. మెట్లు దిగనంటుంది, ఎక్కుతానంటుంది. ఎక్కినవాణ్ణి దిగకుండా ఎన్నాళ్ళుంటానే? వదిలెయ్.

రెండోది గుడ్లు. ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్ళుంటాయని కదా అడిగావు. కోడి గుడ్డు పెట్టేటప్పుడే పెంకు మీద కంటికి కనపడని పలచని పొర ఒకటి పూసి పంపిస్తుంది. ఆ పొర ఉన్నన్నాళ్ళూ లోపలికి ఏదీ దూరదు. కాబట్టి నీ కోళ్ళ గుడ్లు కడక్కుండా, మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిచి, సన్నపు కొన కిందికి పెట్టి, నీడపట్టున చల్లటి చోట ఉంచితే రెండు వారాలు ఢోకా లేదు. ఎండలు మండే రోజుల్లో మాత్రం వారం దాటనివ్వకు. ఫ్రిజ్‌లో పెడితే నెల దాటి మరో వారం కూడా ఉంటాయి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది, లోపలి అరలో పెట్టు. ఒకసారి ఫ్రిజ్ ఎక్కిన గుడ్డుని మళ్ళీ బయట కాపురం పెట్టించకు. చెమట పడుతుంది, ఆ తడిలోంచే క్రిములు లోపలికి పోతాయి. రెండు గంటలకి మించి బయట ఉంటే పారెయ్. ఉడికించిన గుడ్డు ఫ్రిజ్‌లో వారం, బయట ఆ రెండు గంటలే.

నీళ్ళలో వేసి చూడమని మన అమ్మ చెప్పేది. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారెయ్యి అని. ఆ పరీక్ష వయసు చెబుతుంది గానీ గుణం చెప్పదు. చక్కగా అడుగున పడుకున్న గుడ్డులోనూ రోగం ఉండొచ్చు.

ఇదంతా నాకెలా తెలుసంటావా? సగం పాత చదువు, సగం కొత్త దెబ్బ. నా చదువంతా పొట్లాల చదువని నీకు తెలుసుగా. సరుకు కట్టిన కాగితం విప్పి, మడతలు సాపు చేసి చదివినవాణ్ణి. యుద్ధాలూ చదివాను, గ్రహాలూ చదివాను. ఒక రాణిగారి హత్య సంగతి చదివాను, ఎవరు చంపారో ఇప్పటికీ తెలీదు, ఆ సంగతున్న ముక్కలో కొట్టువాడు ఇంకెవరికో మిరియాలు కట్టాడు. అయినా నర్సింగు చదివే పిల్లల హాస్టల్లో స్టోరు చూస్తున్న ఇన్నేళ్ళూ, అందరూ నన్ను గుడ్ల పండితుడనే పిలిచారు. గుడ్డు బయట రెండు వారాలుంటుందని పొట్లం కాగితంలో చదివి, అరవైమంది పిల్లలకీ వల్లెవేయించినవాణ్ణి.

మూడోది, మా హాస్టల్ వంటక్క ఎలా ఉందని అడిగావు. నువ్వొచ్చినప్పుడు నీ పళ్ళెంలో అడక్కుండా రెండోసారి వడ్డించిన మనిషి. ఆవిడ ఉద్యోగం పోయేదాకా వచ్చింది. ఎలాగో చెబుతాను.

పోయిన ఆదివారం సాయంత్రం పిల్లలకి రొట్టె ముక్కల మధ్య తెల్ల సాసు పూసి పెట్టారు. పచ్చిగుడ్డూ నూనే నిమ్మరసం కలిపి చిలికేది. తెల్లారేసరికి ఇరవై ఇద్దరు పిల్లలకి వాంతులు. బాత్రూముల ముందు వరస. నడవా అంతా బకెట్లు. ఒక బక్కపిల్లకి రెండు రోజులు సెలైను ఎక్కించారు. ఇప్పుడందరూ కోలుకున్నారు, కంగారు పడకు.

సోమవారం ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. స్టోరులో మిగిలిన ఏడు ట్రేలు, ట్రేకి ముప్ఫై, వెనక గోతిలో పగలగొట్టి పూడ్చమన్నాడు. ఆ పని నాకే పడింది. తల్లీ, చాలావరకు చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి, పసుపు పసుపులా, తెలుపు తెలుపులా. నాలుగో ట్రేలో ఒకటి చేతిలోనే ఢామ్మంది. లోపల బూడిదరంగు ద్రవం, నల్లటి ముద్ద. మీసం మీద పడింది. ముక్కుతో కాదు, వెన్నెముకతో పీల్చాను ఆ కంపుని. గోతి పక్కన కూర్చుని పొద్దున తాగిన టీ కూడా కక్కేశాను.

ఇన్‌స్పెక్టరు దూరంగా నిలబడి చెప్పాడు. "కంపు కొట్టేది నయం, పెద్దాయనా. అదెవరూ తినరు. కంపు కొట్టనిదే దొంగ. ఈ గుడ్లెవరో కడిగారు. చన్నీళ్ళలో. గుడ్డు వెచ్చగా ఉండి నీళ్ళు చల్లగా ఉంటే, లోపలి సొన ముడుచుకుని ఆ మురికినీళ్ళనే పీల్చుకుంటుంది. ఆ తర్వాత బయట ఎన్నాళ్ళున్నాయివి?"

"వచ్చి ఎనిమిది రోజులు" అన్నాను.

"కడిగిందెవరు?"

వంటింటి గుమ్మంలో వంటక్క ఉంది, వార్డెనమ్మ ఉంది. నేను నోరు తెరిచే లోపే వంటక్క నన్ను చూపించి అంది. "స్టోరులో ఎవరూ కడగరండీ. బాబాయికి తెలుసు. గుడ్ల సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు."

అంతే. వార్డెనమ్మ చూపు ఆవిడ చేతుల మీదికి తిరిగింది. గుడ్లు ముట్టేది మేమిద్దరమే, స్టోరులో కడక్కపోతే వంటింట్లో కడిగినట్టేగా. "శనివారం కమిటీ కూర్చుంటుంది. అందాకా గిన్నెలు తోముకో, పొయ్యి ముట్టుకోకు" అంది.

చిన్నదానా, కడిగింది నేనే.

గుడ్లొచ్చిన రోజు వార్డెనమ్మ ట్రేలు చూసి "ఏం పెద్దాయనా, గుడ్లు తెచ్చారా, కోళ్ళగూడు ఊడ్చుకొచ్చారా?" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు రోషం వచ్చింది. తొట్టిలో నీళ్ళు పట్టి, సబ్బుపొడి వేసి, పన్నెండు ట్రేలూ ముత్యాల్లా కడిగి ఆరబెట్టాను. కడగని గుడ్డయితేనే రెండు వారాలన్న మాట, ఆ పొట్లం కాగితంలో చిరిగిపోయిన వైపు ఉన్నట్టుంది. ఆదివారం వంటక్క ఒక గుడ్డు చేతిలో తిప్పి "పెంకు జారుతోంది బాబాయ్, పచ్చిగా వాడాలంటే నా మనసు ఒప్పుకోవడంలా" అంది కూడా. "నీ మనసేమన్నా లాబొరేటరీయా? వాడవమ్మా!" అన్నాను.

ఇంత చేసినవాణ్ణి సోమవారం నోరు మూసుకున్నాను. పండితుడి పరువు. మంగళవారం చెబుదామనుకున్నాను, బుధవారం ఇంకా కష్టమైంది. ఆవిడ కూజాతో నీళ్ళు పోస్తే పిల్లలు వాసన చూసి పక్కన పెట్టేవాళ్ళు. నేను అదే బల్ల దగ్గర కూర్చుని టీ చప్పరించేవాణ్ణి. గోతిలో ఆ ఒక్క గుడ్డూ చేతిలో పేలి తన సంగతి తానే చెప్పుకుంది. నేను ఆ పాటి కూడా చెయ్యలేదు. నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

శనివారం భోజనాల హాల్లో కమిటీ కూర్చుంది, పిల్లలందరూ గోడవారగా నిలబడ్డారు. వంటక్క తన ఏప్రాను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. నేను లేచి, "గుడ్లు కడిగింది నేను. ఈవిడ వద్దంటే వాడమన్నదీ నేనే" అని స్టోరు తాళాలు ఆ ఏప్రాను పక్కన పెట్టాను.

"ఇప్పుడా చెప్పేది?" అంది వార్డెనమ్మ. కమిటీవాళ్ళు గుసగుసలాడుకుని ఏప్రాను వంటక్కకి, తాళాలు వార్డెనమ్మకి ఇచ్చారు.

బయటికొచ్చాక వంటక్కకి చేతులు జోడించాను. ఆవిడ జోడించనివ్వలేదు. "తప్పు ఎవరైనా చేస్తారు బాబాయ్. సోమవారం నేను మీ తరఫున మాట్లాడాను. మీరు పక్కనే ఉన్నారు. ఈ ఆరు రోజులూ నేనేం చేసుకోను?" అంది.

"ఏం చెయ్యమంటావో చెప్పమ్మా."

"రేపు పొద్దున రండి. నేను వండింది మొదట మీరు తినండి. అందరూ చూడాలి. గుడ్డే వండుతా."

ఇవాళ పొద్దున వెళ్ళాను. అరవైమంది పిల్లలు ఖాళీ పళ్ళేలతో నిలబడి ఉన్నారు, ఒక్కరూ వరసలోకి రాలేదు. నా ముందు గట్టిగా ఉడికించిన గుడ్డు, సగానికి కోసింది, పైన ఉప్పు. నోట్లో పెట్టుకోగానే ఆ గొయ్యి మొత్తం గొంతులోకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు కక్కానంటే ఆవిడ బతుకు పోతుందని తెలుసు. నమిలాను, మింగాను. రెండో సగమూ తిన్నాను. పళ్ళెం ఎత్తి అందరికీ చూపించాను.

అప్పుడు సెలైను ఎక్కించుకున్న ఆ బక్కపిల్ల ముందుకొచ్చి వంటక్క ముందు పళ్ళెం పట్టింది. "అక్కా, నాకు రెండు" అంది. వంటక్క వడ్డించింది. నా వైపు చూడలేదు, నేను వచ్చేసేదాకా చూడలేదు.

ఇట్లు,
ఇదంతా చదివాక కూడా నువ్వు అన్నయ్యా అనే పిలుస్తావని ఆశపడే
మీ అన్నయ్య