గుండు మిరప పాదులో పులుపు

రంగనాయకీ,

ఈరోజు నీ సంవత్సరీకం. మిల్లులో నూలుకు రంగులద్దే డైయింగ్ సెక్షన్ నుంచి తెచ్చిన లిట్మస్ కాగితాలతో పెరట్లో మిరప పాదులన్నీ చూశాను. పులుపు తగిలితే ఆ నీలి కాగితం ఎర్రబడుతుంది. కాంతారి మిరప, బజ్జీ మిరప పాదుల్లో రంగు మారలేదు. నీ గుండు మిరప దగ్గర మాత్రం ఎర్రబడింది.

ఇత్తడి తోమిన చింతపండు నీళ్లు ఆ మొక్కకే పోసేదానివి, వద్దని నేనెంత అరిచినా వినకుండా. నువ్వు పోయాక ఇంట్లో అంతా ఎవర్‌సిల్వరే, స్టీలు గిన్నెలే. ఇత్తడంతా అటకెక్కింది.

"నువ్వు పోశావా?" అని కూతుర్ని కసిరాను.

"నేను పొయ్యలే నాయనా, సత్తియంగా!" అంది.

నిచ్చెన వేసుకుని అటకలోకి చూశాను. దుమ్ము పట్టిన గిన్నెల మధ్య నీ చెంబొక్కటే మెరుస్తోంది, ఇంకా తడిగా.

పోసుకోవే. ఇక అరవను.