మునిగిన ఊరి కరెంటు

18 ఫిబ్రవరి 1986

ఈ రోజు చిరాగ్‌పల్లి డ్యూటీ. హైవే పక్కన రేకుల షెడ్డులో సావిత్రమ్మ అని ఒకామె లారీ వాళ్లకు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. కొన్ని నెలలుగా కరెంటు బిల్లు కట్టడం లేదు. లైన్‌మన్ సిద్దప్ప చెప్పి చెప్పి విసిగిపోయాడు. చివరికి సబ్ ఇంజనీర్‌నైన నేనే నోటీసు పట్టుకుని పోయాను. పైసలు లేవేమో అనుకున్నాను. ఉన్నాయట. కట్టదట.

ఆమెది కృష్ణ ఒడ్డు. ఐదేళ్ల కింద డ్యాం నిండినప్పుడు ఊరు ఊరంతా మునిగింది. చెల్లెలు ఇక్కడ ఉందని ఇటు వచ్చింది.

"మా ఊరి మీద నీళ్లు నిలబెట్టి కరెంటు తీస్తున్రు గదా సారూ. నీళ్లేమన్న కొనుక్కొస్తున్రా? మరి బొగ్గు కాలబెట్టి తీసినదానికి ఎంతనో, దీనికీ గంతేనా? ఎందుకో చెప్పు. చెప్పినంక కడ్త" అన్నది.

కనుక్కుని చెప్తానన్నాను. డిపార్టుమెంటులో చేరినప్పటి నుంచి ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

19 ఫిబ్రవరి

ఎండ అప్పుడే మొదలైంది. తలనొప్పి. లీవు పెట్టలేదు.

24 ఫిబ్రవరి

సంగారెడ్డిలో మీటింగ్. టీ తాగేటప్పుడు మా పై ఆఫీసరు జగన్‌మోహన్ సారును అడిగాను. ముందు నవ్వాడు. తర్వాత ఓపికగానే చెప్పాడు. నీళ్ల కరెంటు, బొగ్గు కరెంటు అన్నీ పోయి ఒకే గ్రిడ్‌లో కలుస్తాయి. ఎవరి బల్బులో ఏది వెలుగుతుందో దేవుడికి కూడా తెలియదు. కాబట్టి ఖర్చులన్నీ కలిపి అందరికీ ఒకటే రేటు. నీళ్లు ఊరికే వస్తాయి, కానీ డ్యాం ఊరికే రాలేదు. దానికి తెచ్చిన అప్పు ఉంది, వడ్డీ ఉంది. తీగలు, స్తంభాలు, దారిలో వృథాగా పోయే కరెంటు, ఇవన్నీ ఏ కరెంటుకైనా తప్పనివే. పైగా నీళ్లు ఏడాదంతా ఉండవు. లేనప్పుడు బొగ్గే దిక్కు. నీళ్ల వల్ల మిగిలేది ఆ బొగ్గు ఖర్చులో కలిసిపోతుంది. లేకపోతే రేటు ఇంకా ఎక్కువుండేదయ్యా అన్నాడు.

బస్సులో వస్తూ ఇదంతా ఆమెకు ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను. హాయిగానే ఉంది. జవాబు దొరికింది కదా.

26 ఫిబ్రవరి, సాయంత్రం

చెప్పాను. రొట్టె తడుతూనే విన్నది. అంతా అయినంక, "మరి నీళ్లతోని వచ్చిన అగ్గువ ఎటు వోయింది?" అని అడిగింది.

అందరికీ పోయిందమ్మా, అందరి బిల్లులో కొంచెం కొంచెం తగ్గింది అన్నాను.

చెయ్యి ఆగింది. "అంటే మా ఊరిని అందరికి ఇంతింత పంచిన్రు. అందర్ల మాకు గూడ ఇంత."

అవునన్నాను. ఇంకేమంటాను?

లోపలికి పోయి పైసలు తెచ్చి, నాతో వచ్చిన సిద్దప్ప చేతిలో పెట్టింది. మొత్తం బాకీ. వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి, తీగ తీసెయ్యమన్నది. బాకీ తీరింది కదమ్మా, ఇంక తీసే పని లేదు అన్నాను.

"బాకి గురించి కాదు బిడ్డా. బల్బు ఏసినప్పుడల్ల ఇది మా ఊరి వెలుగు అనుకుంటుంటి. ఏది ఏందో దేవునికే తెల్వదంటివి. ఇంక నాకెందుకు?"

సిద్దప్ప స్తంభం ఎక్కనన్నాడు. అక్క కోపంల అంటున్నది సార్, రేపటికి సల్లబడ్తది అని నాకు నచ్చజెప్పాడు. ఆమే నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనించింది. అప్పుడెక్కాడు.

27 ఫిబ్రవరి

నేను చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదు.

15 మార్చి

న్యాల్‌కల్ నుంచి వస్తూ చిరాగ్‌పల్లిలో దిగాను. షెడ్డులో కందిలి దీపం పెట్టుకుంది. రేకులకు పొగ పట్టింది. లారీలు ముందున్న ట్యూబులైటు హోటల్ దగ్గరే ఆగుతున్నాయి. రెండు రొట్టెలు తిన్నాను. మళ్లీ కనెక్షన్ తీసుకోమన్నాను. "నీళ్లదే ఇస్తవా?" అన్నది. రొట్టెల పైసలు తీసుకోలేదు. ఇంట్లో అన్నం తినలేదు. ఎందుకని నా భార్య భాగీరథి అడిగింది. అలసిపోయానన్నాను.

9 మే

పొద్దున్నుంచి కరెంటు లేదు. జనం ఆఫీసు మీదికి వచ్చారు. డ్యాములో నీళ్లు అడుగంటాయని పైనుంచి ఫోన్. అదే అందరికీ చెప్పాను. తిట్లు తిన్నాను.

సావిత్రమ్మ షెడ్డు మూసి ఉందని సిద్దప్ప చెప్పాడు. నీళ్లు దిగితే ఊరు తేలిందట. చూసిరానీకి పోయిందట.

14 మే

ఆఫీసుకు వచ్చింది. ముఖం ఎండకు కమిలిపోయింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వాళ్ల ఇంటి గోడలు నడుము దాకా ఉన్నాయట. గడప రాయి అట్లనే ఉందట. బురద ఎత్తిపోసి, అలికి, ముగ్గు పెట్టిందట. ఎక్కడెక్కడికో పోయినవాళ్లంతా వచ్చారట. మూడు రాళ్లు పెట్టి వండుకున్నారట. "ఊరంత కలిసినం సారూ" అన్నది. ఆమె నవ్వడం మొదటిసారి చూశాను.

తర్వాత వచ్చిన పని చెప్పింది. "వానలు పడి ఊరు మల్ల మునిగినంక నా తీగ జోడియ్యి. ఎండకాలం వద్దు. ఎండకాలం మా ఊరు మాకుంటది."

గ్రిడ్ గురించి నేనేం మాట్లాడలేదు. సరేనమ్మా అన్నాను.

2 ఆగస్టు

కృష్ణకు వరద, డ్యాం నిండుతున్నదని రేడియోలో. సిద్దప్పను చిరాగ్‌పల్లి పంపాను.