సాగనంపేవాళ్ళ ముఖాలు

ఓతోసే,

క్షేమంగా సెందాయ్ చేరాను. దగ్గు తగ్గింది, బెంగపడకు. పాతకాలపు కవి యాత్రా పుస్తకానికి బొమ్మలు వేస్తున్నానే గాని, మనసు కుదురుగా లేదు. కవి ఊరు విడిచే బొమ్మ చూసి తోటి చిత్రకారుడు గెంపాచి పకపకా నవ్వాడు. "పోయేవాణ్ణి బాగానే వేశావురా. సాగనంపేవాళ్ళేంటి, ముల్లంగి దుంపల్లా ఉన్నారు? నీ పెళ్ళాం కూడా ఇలాగే ఉంటుందా?" అన్నాడు. ఒళ్ళు మండి నీ ముఖం గీయబోయాను. ఎంతకీ రాలేదు. కాగితాలన్నీ చింపేశాను. అప్పట్నించీ కూర్చోలేకపోతున్నాను, నిలబడలేకపోతున్నాను.

పైకప్పు కారడం ఆగిందా? రంగుల్లో కలిపే జిగురు అయిపోయింది, కొని ఉంచు. అత్తయ్యకి దండాలు, పాపకి ముద్దులు.

రేపే ఇంటికి బయల్దేరుతున్నాను. నేను వచ్చాక పనులన్నీ పక్కన పెట్టి, నన్ను సాగనంపినప్పటిలా కాసేపు గుమ్మంలో నిలబడు. నిన్ను చూడాలి.

రియోసాకు