ఉప్పుకాలువ కట్ట మీద మోరిస్

1963 ఫిబ్రవరి 7, గురువారం

మంగళవారం సంగతి రాస్తున్నాను. నా భార్య ఆనందకుమారి ఉదయం ఎప్పటిలాగే పాఠాలు చెప్పడానికి కారులో బడికి వెళ్ళింది. మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని ముందుగా వచ్చేసింది. కారును షెడ్డులోకి రివర్స్‌లో పెట్టింది. నేను ఆఫీసు నుంచి భోజనానికి వచ్చి ఉన్నాను. మజ్జిగ అడిగింది. తెచ్చేలోపు మంచం మీద పక్కకు ఒరిగిపోయింది. రైల్వే డాక్టరు మెదడులో నరం చిట్లిందన్నాడు. చీకటి పడకముందే పోయింది. నిన్న ఇక్కడే, బిట్రగుంట సమాధుల తోటలో పెట్టాము.

ఆమె తల్లి మగ్దలీనమ్మగారు ఒక మూల కూర్చున్నారు. నాతో ఏమీ అనలేదు. పెళ్ళయిన నాటినుంచీ నాతో మాట్లాడలేదు. మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషే, అయినా అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదన్న పాత పద్ధతి వదల్లేదు. ఏం చెప్పాలన్నా కూతురితో చెప్పేవారు. నేనూ అంతే. మేము ఆనందం అని పిలుచుకునే ఆమే మా ఇద్దరికీ పోస్టాఫీసు.

ఫిబ్రవరి 12

కారు అలాగే ఉంది, ముఖం వాకిలి వైపు.

ఫిబ్రవరి 15

అన్నయ్య వచ్చి వెళ్ళాడు. పిల్లలు లేరు కదా, ఆ ముసలావిడతో ఇక నీకేం సంబంధం అన్నాడు. ఆనందం లాగా ఒక కనుబొమ ఎత్తి చూసే మనిషి ఈ లోకంలో ఆ ముసలావిడ కాక ఇంకెవరున్నారు?

ఫిబ్రవరి 19

అత్తగారి పల్లె నుంచి గంగులయ్య సైకిలు మీద వచ్చాడు. వలలు వేసే మనిషి, ఆమె పక్కింటివాడు. అతను పెద్దమ్మ అని పిలిచే అత్తగారికి కూతురి సమాధి చూడాలని ఉందట. మోకాళ్ళు పట్టేశాయి, బస్సు రోడ్డు దాకా నడవలేదు. కారు వస్తుందా అని అడిగాడు. వస్తుందన్నాను.

అన్నాక భయం పట్టుకుంది. నాకు ముందుకు నడపడం వచ్చు. రివర్స్ రాదు. ఈ మోరిస్ కారును ఇంగ్లండు వెళ్ళిపోతున్న ఒక ఇంజన్ డ్రైవరు దగ్గర కొన్నాము. అతని భార్యే ఆనందానికి డ్రైవింగ్ నేర్పింది. ఆనందం చేతిలో రివర్స్ చప్పుడు లేకుండా పడేది. నా చేతిలో గేరు పళ్ళు కొరుకుతుంది, పడదు. అత్తగారి ఇల్లు ఉప్పుకాలువ కట్ట చివర. అక్కడ తిప్పుకునే చోటు లేదు. వెళ్ళిన బండి కట్ట పొడవునా వెనక్కే రావాలి.

రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డు ఫిట్టర్ జీవానందం వచ్చి చాలాసేపు కుస్తీ పట్టాడు. గేరుబాక్సు దించాలట, సామాను మద్రాసు నుంచి రావాలట. "ఎంతెంత పెద్ద ఇంజన్లనో వెనక్కి నడిపినాం సార్. ఇది మాత్రం అమ్మగారి మాటే వింటది" అని నవ్వి, టక్కున నోరు మూసుకున్నాడు.

ఇంకొకటి. బయటికి తీస్తే, ఆమె పెట్టినట్టు మళ్ళీ లోపల పెట్టలేను.

ఫిబ్రవరి 24, ఆదివారం

తీశాను.

కట్ట చివర అత్తగారు సిద్ధంగా నిలబడి ఉన్నారు. వెనక సీట్లో, తల మీద కొంగు లాక్కుని కూర్చున్నారు. రివర్స్ పడలేదు. ఆ చప్పుడుకు వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు లేచి వచ్చారు. సిగ్గేసింది. గంగులయ్య బానెట్ మీద చేతులు ఆనించి, "మా తెప్పకి మాత్రం యాడుందయ్యా రివర్సు. ఒడ్డుకొచ్చినాక తోసుడే" అన్నాడు. న్యూట్రల్‌లో ఉంచమన్నారు. తోశారు. నేను స్టీరింగు పట్టుకుని వెనక్కి చూస్తున్నాను. ఏమీ సరిగా కనపడటం లేదు.

అప్పుడు వెనక సీట్లోంచి మాట వినిపించింది.

"ఆనందం, అబ్బాయిని కుడిపక్కకి తిప్పమనవే."

తోసేవాళ్ళు చేతులు తీసేశారు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను బ్రేకు మీద కాలు వెయ్యడం మరిచాను. బండి తనంతట తాను కాలువ వైపు జారసాగింది.

"ఆపు నాయనా, ఆపు. చక్రం అంచు మీదుంది."

ఆపాను. నాతో ఆమె అన్న మొదటి మాట అది. ఆ తర్వాత రోడ్డు దాకా చెబుతూనే వచ్చారు. ఇప్పుడు ఎడమకి. ఇంకొంచెం. ఆ, రా.

రోడ్డు ఎక్కాక మళ్ళీ మాట లేదు. సమాధి దగ్గర గడ్డి పీకారు. నేను దూరంగా నిలబడ్డాను. సాయంత్రం ఆమెను దించినప్పుడు పల్లెవాళ్ళు మళ్ళీ తోశారు.

కారు వీధిలోనే ఉంది.

మార్చి 5

గంగులయ్య కబురు తెచ్చాడు. పెద్దమ్మ ఇక కారెక్కదట. నోరు జారి అల్లుడితో అట్టా మాట్లాడినాక ఏ మొగం పెట్టుకుని వచ్చేది అందట. కూతురే లేనప్పుడు అల్లుడిని తిప్పలు పెట్టడం ఎందుకు, అతని దోవన అతన్ని పోనిమ్మందట.

ఆమెను తప్పు పట్టలేను. నా దోవ ఏదో మాత్రం తెలియడం లేదు.

మార్చి 7

రివర్స్ పడింది. బండిని ఒక జానెడు ముందుకు పోనిచ్చి ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి గేరు నెట్టాను. చప్పుడు లేదు. షెడ్డులో ఆనందం పెట్టినట్టే పెట్టాను. దిగి చూశాను. సంతోషం రాలేదు.

మార్చి 9, శనివారం

గంగులయ్య బజారుకు వచ్చి, మా ఇంటికీ వచ్చాడు. పెద్దమ్మతో చెప్పమన్నాను: రివర్స్ ఇంకా పడటం లేదు, వెనక చూసి చెప్పే మనిషి లేకపోతే కట్ట మీద బండి కాలువలో పడుతుంది. అతను షెడ్డులో ముఖం వాకిలి వైపు పెట్టి ఉన్న కారును చూశాడు. "అట్టాగే చెప్తానులే అయ్యా" అన్నాడు.

రేపు ఉదయం వెళ్తాను. ఆమె చెప్పేదాకా బండి కదపను.