కడియానికి మా చేపనీళ్ళు

చింతల్లంక,
12-11-2025.

గౌరవనీయులైన ఉషారాణి మేడం గారికి,

లోవలక్ష్మి నమస్కరించి రాసేది. ఇక్కడ మా సంఘం పదకొండు మందిమీ చేపల వాసనతో సహా క్షేమం. పోలవరం వైపు సేంద్రియ సాగు నేర్పమని మీకు కొత్తగా ఇచ్చిన ఊళ్ళు ఎలా ఉన్నాయో, అక్కడి ఆడవాళ్ళు మా అంత మొండివాళ్ళో కాదో తెలియదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. ఎత్తకపోవడంలో మీ తప్పేమీ లేదండి. అందుకే ఉత్తరం.

ముందు కబురు చెప్పేస్తాను, ఆగలేకపోతున్నాను. కడియం నర్సరీ భాస్కరం గారు మొక్కలకి పోసే మన చేపనీళ్ళకి ఆర్డరిచ్చారు. నెలకి పది డ్రమ్ములు. మీరు చదివింది నిజమే, పదే.

కిందటేడు మీరు చెప్పినట్టే చేపల తలలూ పేగులూ తెచ్చి, సమానంగా బెల్లం కలిపి, నలభై రోజులు మాగనిచ్చి, నీళ్ళలో కలిపి మా పక్కింటి శ్రీదుర్గ వంగనారుకి పోశాం కదా. మూడో రోజుకి మూడు మళ్ళూ మాడిపోయాయి. మీ కొలతే తప్పన్నారు అందరూ. మీ పైవాళ్ళకి మీ మీద కాగితం కూడా పెట్టారు. మీరు బ్యాగు తీసుకుని పడవెక్కారు. ఆ తర్వాత డ్రమ్ము ముఖం ఎవరూ చూడలేదు.

మొన్న వేసవిలో నేనే మళ్ళీ మొదలుపెట్టాను. తోడు రమ్మంటే ఒక్కరూ రాలేదు. మీరు రాసిచ్చిన కాగితం గోడకి అంటించి, కొలత గింజంత మార్చకుండా కలిపాను. మూత తీస్తే తేనెరంగు. మా పెరట్లో బెండకి పోశాను. ఆకులు చాటలంత వచ్చాయి. శ్రీదుర్గ కంచె అవతల నుంచి చూసి, ఏం పోస్తున్నావే అని అడిగింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా, సాయంత్రానికి లంకంతా మా పెరట్లోనే ఉంది.

కడియంలో లారీ తోలే మా మరిది వీరబాబు ఒక సీసా పట్టుకెళ్ళి భాస్కరం గారికిచ్చాడు. ఆయన వంద గులాబీ మొక్కల మీద పరీక్ష పెట్టారు. కబురొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఆదివారం ఆయనే ఫోన్ చేసి, వాసన భరించలేం గానీ చిగుళ్ళు చూస్తే ముచ్చటేస్తోందండి అన్నారు.

ఇక చూడాలి మావాళ్ళ హడావుడి. రేవులో చేపతలలు పారబోసేవాళ్ళు ఇప్పుడు బకెట్లతో మా గుమ్మంలో వరస కడుతున్నారు. శ్రీదుర్గ అయితే ఈసారి వరికి యూరియా కట్ట తేవద్దని మొగుడితో పెద్ద యుద్ధమే చేసింది. మొదటి డ్రమ్ములు 20వ తారీఖు గురువారం పడవెక్కుతాయి. మీ చేత్తోనే వాటికి పసుపు రాయించి బొట్టు పెట్టించాలని అందరి కోరిక. మేడం గారు ఈసారి కొలత దిద్ది పంపారేమోనని శ్రీదుర్గ అంటోంది. మీరు తప్పకుండా రావాలి.

ఇట్లు,
మీ దగ్గర పని నేర్చుకున్న
లోవలక్ష్మి

తా.క.: పైదంతా సంఘంలో చదివి వినిపించాను. నువ్వుగింజ మాట దగ్గర శ్రీదుర్గ నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఈ ముక్క వాళ్ళు వెళ్ళాక రాస్తున్నాను.

మీ కొలతలో తప్పు ఇప్పుడూ లేదు, అప్పుడూ లేదండి. ఆ రోజు మీరంతా బెల్లం తూకం దగ్గర ఉన్నారు. చేపతలలూ పేగులూ కోసి డ్రమ్ములో వేసింది నేను. ఊహ తెలిసినప్పటి నుంచి ఉప్పుచేప పెట్టిన చేయి, వరసకో దోసెడు ఉప్పు చల్లుకుంటూ పోయింది. కావాలని చేయలేదు. కానీ సగమైన ఉప్పు బస్తా ఆ సాయంత్రమే చూశాను. ఆ ఉప్పుకే నారు మాడాక అందరూ మిమ్మల్ని నిలదీస్తుంటే, శ్రీదుర్గ ఏడుపు చూసి భయపడి నోరు మూసుకున్నాను.

గురువారం డ్రమ్ములు కదలకముందే అందరికీ చెప్పేస్తాను. సంఘంలో ఉంచుతారో తీసేస్తారో తెలియదు. తీసేసినా ఆర్డరు ఆగకూడదు. నా బదులు డ్రమ్ము దగ్గర నిలబడడానికి మీరుండాలి. అందుకే రమ్మంటున్నానండి.