రూఫస్ అకౌంట్

అక్టోబర్ 14

చంద్రమౌళి గారు ఫోన్ చేశారు. జువ్వలదిన్నె దగ్గర ఆయనకు రొయ్యపిల్లల హేచరీ ఉంది. మీ ఆయన పేరు మీద మెయిలొచ్చిందమ్మా, ఏందో మోకాళ్ల నొప్పుల మందు కొనమంటా ఉండాడు అన్నారు. భయమేసింది తల్లీ అని కూడా అన్నారు.

రూఫస్ జూన్‌లో పోయాడు. హైవే మీద లారీ గుద్దింది.

చూస్తానండీ అని పెట్టేశాను. టిఫిన్ తిన్నాను.

అక్టోబర్ 14, సాయంత్రం

ఏ మెయిల్ ఎప్పుడు పోయిందో రాసి ఉండే సర్వర్ లాగ్ చూశాను. ఎవరో రూఫస్ పాస్‌వర్డ్ కనిపెట్టి, ఆ అకౌంట్‌లోంచి వేల మెయిల్స్ పంపారు. పాస్‌వర్డ్ మార్చాను. ఇంకా పోకుండా ఆగినవి చెరిపేశాను. చేతులు వాటంతటవే పనిచేశాయి.

ఈ మెయిల్ సర్వర్ రూఫస్ పెట్టింది. వాడేది మా చర్చి, హేచరీ, బోట్లవాళ్ల సంఘం, మా ఇంటివాళ్లు, అంతే. పెద్ద కంపెనీలు ఊరికే ఇస్తుంటే మనకెందుకీ తలనొప్పి అనేదాన్ని. మన ఉత్తరాలు మన దగ్గరే ఉండాలి అనేవాడు. ఇప్పుడు తలనొప్పి నా దగ్గర ఉంది.

అక్టోబర్ 15

పాత పాస్‌వర్డ్ రూఫస్ ఫోన్‌లో సేవ్ అయి ఉంది. ఈ ఏడాది వాగ్దానం!

డిసెంబర్ 31 ఆరాధనలో ఒక్కొక్కరం ఒక వాగ్దానం కార్డు తీస్తాం. అందులో వచ్చిన వాక్యమే ఏడాదంతా మనది. తలుపుకి అతికిస్తాం, స్టేటస్ పెడతాం. ఈ మహానుభావుడు ఆ అధ్యాయం, వచనం నంబర్లనే పాస్‌వర్డ్ చేసుకున్నాడు. ఇలాంటివన్నీ దొంగల లిస్టుల్లో ఎప్పుడో ఉంటాయి. ఊరందరికీ పాస్‌వర్డ్ క్లాసు పీకింది ఈయనే. కోపం రావాలి. రాలేదు.

చర్చిలో అడిగితే ప్రతివాళ్లదీ అదే పని, ఎవరి వాగ్దానం వాళ్ల పాస్‌వర్డ్. మంచి మాట గదక్కా, రోజుకోసారన్నా కొట్టినట్టుంటదని పెట్టినాం అన్నారు. నేనూ అంతే. అందరివీ మార్పించాను.

అక్టోబర్ 17

సర్వర్ బ్లాక్‌లిస్ట్‌లో పడింది. మేం పంపే మెయిల్ ఎవరూ తీసుకోవడం లేదు. హేచరీ ల్యాబ్ రిపోర్టులు రైతులకు పోవడం లేదు. రిపోర్ట్ చూడకుండా ఎవరూ రొయ్యపిల్లను కొనరు. ఇట్టయితే నేను వేరేదానికి మారిపోవాలమ్మా, ఏమనుకోబాక అన్నారు చంద్రమౌళి గారు. ఆయన పోతే మిగతావాళ్లూ పోతారు. అప్పుడిక సర్వర్ ఎందుకు?

అక్టోబర్ 18

లిస్ట్‌లోంచి తీయమని ఆ లిస్ట్ నడిపేవాళ్లకు రాశాను. ఆ అకౌంట్ మనిషి తన ఫోనూ లాప్‌టాపూ శుభ్రం చేసుకున్నాడా, మళ్లీ ఇలా జరగదని ఏం నమ్మకం అని జవాబొచ్చింది.

అక్టోబర్ 19

జవాబు రాయలేదు.

అక్టోబర్ 21

రాశాను. యూజర్ చనిపోయాడు, అకౌంట్ మూసేశాం అని. ఆ మాట ఇంతవరకూ నా చేత్తో ఎక్కడా రాయలేదు. బ్యాంకులో, ఆఫీసుల్లో మరిది రాశాడు, నేను సంతకాలు పెట్టాను. ఇంగ్లీషులో రాస్తే వేరే ఎవరి సంగతో అన్నట్టుంది.

తర్వాత నిజంగానే మూసేశాను. ఒక్క కమాండ్. ఖాయమేనా అని కూడా అడగలేదు.

అక్టోబర్ 23

లిస్ట్‌లోంచి తీసేశారు. మెయిళ్లు బాగా పోతా ఉండాయమ్మా అని చంద్రమౌళి గారు రొయ్యలు పంపించారు. అత్తమ్మ ఇగురు చేసింది. రూఫస్ వాళ్లమ్మ, ఎస్తేరమ్మ టీచర్ అంటే ఇక్కడ అందరికీ తెలుసు. రిటైరయ్యాక మాట తగ్గింది, జూన్ నుంచి మరీ తగ్గింది. ఇద్దరం తిన్నాం. రుచి తెలియలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

చర్చి నుంచి వచ్చి కాసేపయ్యాక అత్తమ్మ ఫోన్ తెచ్చి ఇచ్చింది. రూఫస్‌కు పంపిన మెయిల్ తిరిగొచ్చింది, వాడి బాక్స్ నిండిపోయిందేమో చూడమ్మా అంది.

ఫోన్ తీసుకున్నాను. వారం వారం రాస్తా ఉండా, ఈ పూట ఏం ప్రసంగం చెప్పినారు, నువ్వు తిన్నావా లేదా, అంతే, అని తనే చెప్పింది. వాడు చూడడని తెలుసులే అని కూడా అంది.

ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు తెలియనే తెలియదు.

సర్వర్‌లో ఏదో రిపేరు ఉంది, సాయంత్రానికి బాగవుతుంది అన్నాను. గదిలోకి వచ్చి ఏడ్చాను. జూన్‌లో రాని ఏడుపు.

అక్టోబర్ 27, సాయంత్రం

రూఫస్ అకౌంట్ మళ్లీ తెరిచాను. ఎవరూ లాగిన్ కాలేరు. బయటికి ఒక్క మెయిల్ పోదు. లోపలికి మాత్రం వస్తుంది. నేను తలుచుకుంటే చదవగలను. చదవను.

అత్తమ్మకు బాగైందని చెప్పాను.

నేనూ రూఫస్‌కు ఒకటి పంపాను, వాన మొదలైందని.

చేరింది.